05/07 అంటే ఏ రోజు? బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో తారీఖుల తంటా

(విజయవాడలో ఎంసీఏ చివరి ఏడాది విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ముందు మీతో ఒక చిన్న పని చేయిస్తాను. మీరు పుట్టిన తారీఖు, నెల సంగతి వదిలేయండి, తారీఖు మాత్రమే, 12 గానీ అంతకంటే తక్కువ గానీ అయినవాళ్లు చెయ్యెత్తండి. బాగానే ఉన్నారు. అలాగే ఉంచండి. ఇప్పుడు తారీఖూ నెలా ఒకే అంకె అయినవాళ్లు, అంటే మార్చి 3, ఆగస్టు 8, అట్లా పుట్టినవాళ్లు, చెయ్యి దించేయండి. ఒక్కరే దించారు. అమ్మా, నువ్వు అమెరికా వెళ్లినా నీ పుట్టినరోజు మారదు. ఇంకా చెయ్యెత్తి ఉన్నవాళ్లకే ఈ ప్రసంగం. మొదటి నుంచీ చెయ్యెత్తని వాళ్లు అదృష్టవంతులు. మీ తారీఖును తిరగేసి చదివితే కంప్యూటర్ ఎర్రర్ ఇస్తుంది, తప్పు జరిగిందని వెంటనే తెలుస్తుంది. చెయ్యెత్తిన వాళ్లకు ఏ ఎర్రరూ రాదు. వాళ్ల పుట్టినరోజు నోరెత్తకుండా ఇంకో నెలకు వెళ్లి కూర్చుంటుంది.

లెక్క తేలికే. ఒక్కో నెలలో మొదటి 12 రోజులు, అట్లా 12 నెలలు, మొత్తం 144 తేదీలు. అందులో 12 తేదీలు ఎటు నుంచి చదివినా ఒకటే. మిగిలినవి 132. అంటే ఏడాదిలో మూడో వంతుకు పైగా రోజులకు రెండు అర్థాలున్నాయి. మనం 05/07 అని రాస్తే జూలై 5. అమెరికా వాళ్లు అదే రాస్తే మే 7. కెనడాలో అయితే రెండు పద్ధతులూ వాడతారు, పైగా సంవత్సరం ముందు రాసే పద్ధతి కూడా ఉంది. అంతెందుకు, మనమే 9/11 అంటాం, 26/11 అని కూడా అంటాం. ఒకటి న్యూయార్క్‌లో సెప్టెంబర్ 11, ఇంకొకటి ముంబయిలో నవంబర్ 26. ఒకే వాక్యంలో రెండూ వచ్చినా ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే ఆ రెండు సంగతులూ మనకు ముందే తెలుసు. కంప్యూటర్‌కు ముందే తెలిసింది ఏమీ లేదు. దాని దగ్గరున్నది రెండు అంకెలు, మధ్యలో ఒక గీత.

నేను పద్నాలుగేళ్లుగా డీలర్లకు, డిస్ట్రిబ్యూటర్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

2019 ఆగస్టు ఆఖరు. గుంటూరు వైపు ఒక పురుగుమందుల డిస్ట్రిబ్యూటర్ మా సాఫ్ట్‌వేర్‌కు మారారు. జూన్, జూలై, ఆగస్టు నెలల బిల్లులు పాత సాఫ్ట్‌వేర్ నుంచి ఒక ఫైల్‌గా తీసి మాకు అప్‌లోడ్ చేశారు. మా దగ్గర బాకీల ఏజింగ్ రిపోర్ట్ ఉంటుంది. ఏ షాపు ఎన్ని రోజులుగా ఎంత బాకీ ఉందో చూపిస్తుంది. వాళ్ల పద్ధతి 60 రోజుల అరువు, అది దాటితే నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలాఖరున ఒక బటన్ నొక్కితే గడువు దాటిన వాళ్లందరికీ వడ్డీ నోటీసులు వెళ్తాయి. ఆ బటన్ రాసింది నేనే, అప్పట్లో దాన్ని చూసుకుని భలే మురిసిపోయాను కూడా. ఓనరు గారు నొక్కారు. గంట తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. నరసరావుపేట నుంచి ఒక షాపాయన, "ఏవండీ, సరుకు తీసుకుని రెండు నెలలు కూడా కాలేదు, అప్పుడే వడ్డీ ఏంటండీ? ఇదేనా మీ కొత్త కంప్యూటర్?" అని.

ఆయన బిల్లు జూలై 5ది. ఆగస్టు 31 నాటికి 57 రోజులు. గడువుకు ఇంకా మూడు రోజులుంది. మా సిస్టమ్ దాన్ని మే 7గా చదివి 116 రోజులని లెక్క కట్టింది.

మేం రాత్రంతా కోడ్ చూశాం. కోడ్ సరిగ్గానే ఉంది. తారీఖు రోజు, నెల, సంవత్సరం వరుసలోనే చదువుతోంది. 15, 22, 28 తారీఖుల బిల్లులన్నీ సరిగ్గా వచ్చాయి. మాకు తల తిరిగిపోయింది. మర్నాడు నేనే వాళ్ల గోడౌన్‌కు వెళ్లాను. అక్కడ ఒక పెద్ద గుమాస్తా గారు ఉన్నారు. కంప్యూటర్ జోలికి పోరు, చిట్టా ఆవర్జా రోజుల మనిషి. మా రిపోర్ట్ ప్రింటు తీసుకుని రెండు నిమిషాలు చూసి, "చూడమ్మా, బిల్లు నంబర్లు వరసలోనే ఉన్నాయి, తారీఖులే ముందుకీ వెనక్కీ గెంతుతున్నాయి. ఇంకో విచిత్రం, ఏ నెల చూసినా మొదటి పన్నెండు రోజుల్లోని బిల్లులన్నీ 6న, 7న, 8నే ఉన్నాయి. మేం నెల మొదట్లో మూడు రోజులే వ్యాపారం చేస్తామా?" అన్నారు.

అంతే. జూన్, జూలై, ఆగస్టు. 6, 7, 8. నెల వచ్చి తారీఖు కుర్చీలో కూర్చుంది.

ఎట్లా కూర్చుందో చూడండి, ఇది మీకు ఉద్యోగంలో కచ్చితంగా ఎదురవుతుంది. పాత సాఫ్ట్‌వేర్ ఇచ్చింది సీఎస్‌వీ ఫైలు, ఉత్త అక్షరాలు. ఆఫీసులో కుర్రాడు దాన్ని ఎక్సెల్‌లో తెరిచి, ఎక్సెల్ ఫైల్‌గా సేవ్ చేసి మాకు పంపాడు. ఆ కంప్యూటర్‌లో విండోస్ రీజియన్ అమెరికా అని ఉంది. అది ఎవరూ పెట్టింది కాదు, కొన్నప్పటి నుంచీ అట్లాగే ఉంది. ఆ సెట్టింగ్‌తో తెరిస్తే ఎక్సెల్ 05/07/2019ని మే 7 అనుకుని తేదీగా మార్చేస్తుంది. 15/07/2019 దగ్గరికి వచ్చేసరికి 15వ నెల లేదు కాబట్టి దాన్ని తేదీ అనుకోదు, అక్షరాలుగానే వదిలేస్తుంది. అంటే ఒకే కాలమ్‌లో కొన్ని నిజమైన తేదీలు, కొన్ని అక్షరాలు. అక్షరాలను మా ప్రోగ్రామ్ సరిగ్గా చదివింది. తేదీలు అప్పటికే చెడిపోయి వచ్చాయి.

అసలు కిటుకు ఇంకొకటుంది. ఎక్సెల్ తేదీని లోపల ఒక అంకెగా దాచుకుంటుంది. 1900 జనవరి 1 అంటే 1, అక్కడి నుంచి రోజుకు ఒకటి చొప్పున. 2019 మే 7 అంటే 43592. జూలై 5 అంటే 43651. లోపల 43592 ఉంది, కానీ తెర మీద అమెరికా పద్ధతిలో 5/7/2019 అని కనిపిస్తుంది. మన కుర్రాడు దాన్ని చూశాడు. వాడి కంటికి అది జూలై 5. బిల్లు మీదా అదే ఉంది. రెండూ సరిపోయాయి, పంపేశాడు. వాడిని ఏమనగలం? మనిషి సరిగ్గా చదివాడు, మెషీన్ కూడా తన పద్ధతిలో సరిగ్గానే చదివింది. బయటికి ఆనవాళ్లు రెండే: ముందున్న సున్నాలు పోయాయి, తేదీలు గడిలో కుడి వైపుకూ, అక్షరాలు ఎడమ వైపుకూ జరిగి ఉన్నాయి. ఇప్పుడు నేను ఏ కస్టమర్ ఫైలు తెరిచినా ముందు చూసేది అదే, తేదీల కాలమ్ అటూ ఇటూ చెదిరి ఉందా అని.

మీరు అడగొచ్చు, 09/07 లాంటివి సెప్టెంబర్ 7 అయి ఉంటాయి కదా, ఆగస్టులో సెప్టెంబర్ బిల్లు ఎట్లా వచ్చిందని ఎవరికీ తోచలేదా అని. తోచాల్సింది. మా రిపోర్ట్‌లో వయసు మైనస్‌లోకి వెళ్లిన బిల్లుల్ని "గడువు ఇంకా ఉంది" కాలమ్‌లో వేసేశాను. భవిష్యత్తులో బిల్లు ఉండదని ఒక్క లైను చెక్ రాసి ఉంటే ఆ రోజే దొరికేది.

ఎక్సెల్‌ను తిట్టడం తేలిక. జీవశాస్త్రం వాళ్లు ఏళ్ల తరబడి తిట్టారు. సెప్ట్1, మార్చ్1 అనే జన్యువుల పేర్లు కొడితే అది సెప్టెంబర్ 1, మార్చి 1 చేసేది. చివరికి 2020లో జన్యువుల పేర్ల కమిటీ వాటికి సెప్టిన్1, మార్చ్ఎఫ్1 అని కొత్త పేర్లే పెట్టింది. ఆ మార్పిడిని ఆపేసే స్విచ్ ఎక్సెల్‌లో 2023లో గానీ రాలేదు. కానీ ఊహించే జబ్బు ఎక్సెల్‌కు ఒక్కదానికే లేదు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో పాండాస్ అనే లైబ్రరీ (ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్) 2.0 వెర్షన్‌కు ముందు ఒకే కాలమ్‌లో 13/04ని ఏప్రిల్ 13గానూ, దాని పక్కనే ఉన్న 03/04ని మార్చి 4గానూ చదివేది. ఒక్కో గడి దగ్గర ఒక్కో మనసు. జావాలో పాత తేదీ క్లాసు సింపుల్‌డేట్‌ఫార్మాట్ ఇంకా ఉదారం. 13వ నెల ఇస్తే కాదనదు, వచ్చే ఏడాది జనవరి చేసేస్తుంది. అడిగితే గట్టిగా ఉంటుంది, కానీ మామూలుగా వదిలేస్తే మెత్తగానే ఉంటుంది. జావాస్క్రిప్ట్‌కు 03/04/2024 ఇస్తే మీరు ఏ ఊళ్లో ఉన్నా మార్చి 4 అంటుంది.

ఈ మార్చి 4 దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, మన వ్యాపారులకు ఇదే అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. 2024 ఏప్రిల్ 3 బిల్లు, అంటే 2024-25 ఆర్థిక సంవత్సరంలో మూడో రోజు. తిరగబడితే మార్చి 4, అంటే పోయిన ఆర్థిక సంవత్సరం. ఒక్క తేదీతో అమ్మకం ఒక ఏడాది నుంచి ఇంకో ఏడాదికి, జీఎస్టీ ఒక నెల రిటర్న్ నుంచి ఇంకో నెలకు, స్టాక్ ముగింపు నిల్వలోంచి బయటికి. ఆడిటర్ గారు మార్చి లెక్కలు మూసేశాక ఇది బయటపడితే ఆ టెన్షన్ మీరు పడలేరు.

సరే, మేమేం చేశామో చెబుతాను.

మొదటి మార్పు, ఒక్కో గడిని చూసి నిర్ణయించడం మానేశాం. కాలమ్ మొత్తం ఒకేసారి చూస్తాం. 12 పైన ఉన్న అంకె ఎప్పుడూ ఒకే స్థానంలో వస్తుంటే ఆ ఫైలు పద్ధతి తెలిసినట్టే. రెండు స్థానాల్లోనూ వచ్చిందంటే రెండు ఫైళ్లు ఎవరో కలిపారు, తీసుకోం. తేదీలూ అక్షరాలూ కలిసి ఉంటే అసలే తీసుకోం. "ఈ ఫైలు ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసినట్టుంది, పాత సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అసలు ఫైలు పంపండి" అని తెలుగులోనే చెబుతాం. దీని మీద మా సేల్స్ వాళ్లు చాలా గొడవ చేశారు, కస్టమర్‌కు మొదటి రోజే అడ్డం చెబుతామా అని. నరసరావుపేట ఫోన్ కాల్ వాళ్లకు వచ్చి ఉంటే ఆ మాట అనేవాళ్లు కాదు.

కాలమ్ మొత్తం చూసినా తేలకపోతే? నెలలో మొదటి పది రోజుల బిల్లులే ఉన్న ఫైలు అట్లాంటిదే. అప్పుడు అడుగుతాం. "మీ తేదీ ఫార్మాట్ ఏది?" అని అడిగితే ఆ మాట ఎవరికి అర్థమవుతుంది? వాళ్ల బిల్లే చూపించి అడుగుతాం: "బిల్లు నంబర్ 412, ఫలానా షాపు, రూ. 18,600. ఇది జూలై 5దా, మే 7దా?" ఓనరుకు ఆ బిల్లు గుర్తుంటుంది. అర సెకనులో చెప్పేస్తారు.

మూడోది గుమాస్తా గారు నేర్పింది. జీఎస్టీలో బిల్లు నంబర్లు ఆర్థిక సంవత్సరంలో వరుసగా ఉండాలి. నంబరు పెరుగుతుంటే తారీఖు వెనక్కి పోకూడదు. రెండు రకాలుగా చదివి చూస్తే, ఏ రకంగా చదివినప్పుడు వరుస నిలబడుతుందో అది చాలావరకు సరైనది. నేను ఎన్నో లైబ్రరీలు చూశాను, ఇంత బాగా పనిచేసే చెక్ ఎక్కడా కనపడలేదు. ఎందుకంటే లైబ్రరీకి తేదీ గురించే తెలుసు, బిల్లు గురించి తెలియదు.

ఇంకోటి, వచ్చిన అక్షరాల్ని వచ్చినట్టే పక్కన ఒక కాలమ్‌లో దాచుకుంటాం. మనం చదివిన అర్థం తప్పని ఆరు నెలల తర్వాత తేలినా, అసలు రాత ఉంటే మళ్లీ చదువుకోవచ్చు. అర్థం మాత్రమే దాచి రాత పారేస్తే ఇక చేసేదేమీ లేదు.

ఇదంతా ఫైళ్ల సంగతి. తెర మీద టైప్ చేసేటప్పుడు గొడవ వేరు. ఈ మాట చెప్పగానే మీలో చాలామంది క్యాలెండర్ పెడదాం అంటారు. మీరు ఎప్పుడైనా బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడి చూశారా? అక్కడి అమ్మాయి కుడి చెయ్యి నంబర్ ప్యాడ్ మీదే ఉంటుంది, మౌస్ ముట్టుకోదు. 5, చుక్క, 7, ఎంటర్. ఆ చుక్క కూడా నంబర్ ప్యాడ్ మీద ఉన్నదే. రోజుకు రెండు వందల బిల్లులు కొట్టే మనిషికి క్యాలెండర్ తెరిచి బాణం గుర్తులు నొక్కమంటే మన సాఫ్ట్‌వేర్‌ను శాపనార్థాలు పెడుతుంది. పుట్టినతేదీకి క్యాలెండర్ పెట్టి 1961 దాకా నెల నెలా వెనక్కి నడిపించే మహానుభావులూ ఉన్నారు.

బ్రౌజర్ ఇచ్చే తేదీ గడి వాడితే సర్వర్‌కు ఎప్పుడూ సంవత్సరం-నెల-రోజు వరుసలోనే వస్తుంది, ఐఎస్‌ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్న పద్ధతి. అంతవరకు మంచిదే. కానీ తెర మీద చూపించే వరుస మన చేతిలో లేదు, ఆ కంప్యూటర్ భాషా సెట్టింగును బట్టి ఉంటుంది. అదే పేజీ పక్కపక్క టేబుళ్ల మీద ఒకచోట రోజు ముందు, ఒకచోట నెల ముందు చూపిస్తుంది. ఆ ఆపరేటర్ చూసుకోకుండా 0507 కొట్టేసిందనుకోండి, మళ్లీ మన 132 రోజుల బొందలోనే పడ్డాం.

అందుకే మేం టైప్ చేయనిస్తాం. 5.7, 5-7, 5/7, 0507, ఏదైనా సరే, రోజు ముందు అనే తీసుకుంటాం. కానీ ఎంటర్ కొట్టగానే గడిలో అది "5 జూలై 2019, శుక్రవారం" అయిపోతుంది. నెల అక్షరాల్లోకి వచ్చాక రెండో అర్థం ఉండదు. ట్యాలీ కూడా 5-జూల్-19 అన్నట్టు నెలను అక్షరాల్లోనే చూపిస్తుంది, మన గుమాస్తాలకు దాని మీద అంత నమ్మకం ఉండటానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. వారం పేరు చూపించడం కూడా ఊరికే కాదు. "ఆదివారం షాపే తీయలేదు కదా" అని ఆపరేటర్ తనే పట్టుకుంటుంది. ఫోన్‌లో చెప్పేటప్పుడు జూన్, జూలై ఒకేలా వినపడతాయి. అక్కడా వారమే కాపాడుతుంది.

సంవత్సరం సంగతి త్వరగా చెప్పేస్తాను. రెండు అంకెలు ఒప్పుకుంటే హద్దు ఎక్కడో మీరే రాసి పెట్టండి, లైబ్రరీకి వదలకండి. ఎక్సెల్‌లో చాలాకాలంగా ఉన్న హద్దు 29 దగ్గర: 29 అంటే 2029, 30 అంటే 1930. పైథాన్‌లో హద్దు 68 దగ్గర. కాబట్టి 45 అని రాస్తే ఒకటి 1945 అంటుంది, ఇంకొకటి 2045 అంటుంది. 2031లో ముగిసే లోను 1931లో ముగిసినట్టు చూపించిన రిపోర్ట్ నేను చూశాను. ఇది కంప్యూటర్లతో వచ్చిన జబ్బేమీ కాదు. పాత ప్రామిసరీ నోట్ల మీద క్రోధి నామ సంవత్సరం అని రాసుంటే అది 1964-65 కావచ్చు, 2024-25 కావచ్చు. మన పెద్దవాళ్ల రెండంకెల సంవత్సరం అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చేది.

దాచుకునే దగ్గర ఒక్కటి. బిల్లు తేదీకి, పుట్టినతేదీకి గంటలూ నిమిషాలూ తగిలించకండి. మన జూలై 5 మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటలు యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, జూలై 4 సాయంత్రం 6:30. దాన్ని మార్చి పంపి, అవతల తేదీ భాగం మాత్రం కత్తిరిస్తే ఒక రోజు పోతుంది. బ్యాంకు వాళ్ల చెక్కు చూడండి, ఎనిమిది గళ్లు, రోజుకు రెండు, నెలకు రెండు, సంవత్సరానికి నాలుగు. గంట ఎవరూ అడగరు.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మేడమ్, పుట్టినతేదీ పూర్తిగా తెలియని వాళ్లుంటే? మా నానమ్మ ఆధార్‌లో సంవత్సరం ఒక్కటే ఉంది.

మంచి ప్రశ్న. పాత ఆధార్ కార్డుల మీద చాలామందికి సంవత్సరమే ఉంటుంది. మన ఫారం మాత్రం పూర్తి తేదీ లేనిదే ముందుకు పోనివ్వదు. అప్పుడు ఆపరేటర్ ఏం చేస్తాడు? జనవరి 1 వేస్తాడు. ఇక ఆ డేటాబేస్‌లో నిజంగా జనవరి 1న పుట్టినవాళ్లెవరో, మనం బలవంతంగా పుట్టించినవాళ్లెవరో ఎప్పటికీ తేలదు. సంవత్సరం ఒక గడి, నెల ఒక గడి, రోజు ఒక గడి పెట్టి, చివరి రెండూ ఖాళీగా వదలనివ్వండి. రిపోర్ట్ రాయడం కాస్త కష్టమవుతుంది, అంతే.

ప్రశ్న: క్లయింట్ అమెరికాలో, వాడేవాళ్లు ఇక్కడ ఉంటే ఎవరి పద్ధతి పెట్టాలి?

టైప్ చేసేవాళ్ల పద్ధతి. చూసేవాళ్లకు నెల పేరు. మీ మధ్య నడిచే మెయిళ్లలో కూడా అంతే. "06/07న రిలీజ్" అని ఒక మెయిల్ వస్తే, హైదరాబాద్‌లో ఒక టీమ్ దాన్ని జూలై 6 అనుకుని తీరిగ్గా కూర్చుంది. అవతల వాళ్లు జూన్ 7న ఎదురుచూశారు.

ప్రశ్న: ఆ వడ్డీ నోటీసులు ఏమయ్యాయి మేడమ్?

ఓనరు గారు ఒక్కో షాపుకూ తనే ఫోన్ చేసి చెప్పుకున్నారు. నరసరావుపేటాయన మాత్రం ఆ తర్వాత ఏడాది పాటు ప్రతి బిల్లు మీదా మా ప్రింటు పక్కనే పెన్నుతో "జూలై", "ఆగస్టు" అని రాయించుకుని గానీ సరుకు దించుకోలేదు. అది చూశాకే మా బిల్లు ప్రింటులో నెల పేరు అక్షరాల్లో పెట్టాం.